ఊర్మిళ ఈడ ఉండదు

"ఊర్మిళనా? ఆమె ఈడ ఉండదు సాబ్," అంది వజ్రమ్మ గడపకు అడ్డంగా నిలబడి.

మఫ్టీలో వచ్చిన పోలీసు చేతిలోని ఫైలు మళ్లీ చూసుకున్నాడు. "సూరత్, బమ్రోలి, ఇదే గల్లీ, ఇదే గది. అర్జీలో ఇదే రాశారు కదా అమ్మా," అన్నాడు హిందీలో.

"ఉండదని చెప్తున్న గద. ముఝే నహీ మాలుమ్."

తలుపు మూసేసింది. ఆ సమయానికి ఊర్మిళ నాలుగిళ్ల అవతల చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తూ కూర్చుని ఉంది. అత్త అబద్ధం ఆమె చెవిన పడలేదు గానీ పక్కగది సుభాషిణి చెవిన పడింది. సాయంత్రం ఊర్మిళ భర్త చిరంజీవి మగ్గాల కార్ఖానా నుంచి వచ్చి గల్లీలో అడుగు పెట్టాడో లేదో, ఆపి మరీ చెప్పేసింది.

ఊర్మిళ పౌరసత్వం కోసం అర్జీ పెట్టి ఏళ్లు గడిచాక, ఇన్నాళ్లకు ఎంక్వైరీ మనిషి గుమ్మం దాకా వచ్చాడు. వచ్చినవాణ్ని చిరంజీవి కన్నతల్లే వెనక్కి పంపేసింది.

ఊర్మిళ పుట్టింది సరిహద్దుకు అవతల, సింధ్‌లో. తల్లీ అన్నదమ్ములూ అక్కడే ఉండిపోతే, తను తండ్రి వెంట తీర్థయాత్ర వీసా మీద వచ్చి సూరత్‌లో ఆగిపోయింది. తండ్రి ఇక్కడే పోయాడు. చిరంజీవి ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. అప్పటి నుంచి వీసా గడువు పెంచినప్పుడల్లా ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడమే. ఏదో ఒకసారి పెంచబోమంటే? భార్యను పోలీసులు రైలెక్కించి పంపేస్తే? పొద్దున లేస్తే అతనికి అదే భయం.

ఆ గల్లీలో ఒక అలవాటుంది. మగవాళ్లు ఒక కార్ఖానా మాని మరో దాంట్లో చేరితే, పాత సేఠు మనిషి బాకీ కోసం వెతుక్కుంటూ వస్తాడు. ఎవరు ఎవరి పేరు అడిగినా, ఆడవాళ్లు ఆలోచించకుండా 'ఈడ ఉండడు' అనేస్తారు. అమ్మ కూడా అలాగే నోరు జారి ఉంటుందని చిరంజీవి గది దాకా నడుస్తూ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"అవ్వా, పొద్దున వచ్చినాయనను సేఠు మనిషి అనుకున్నవా?" అని తల్లిని అడిగాడు.

వజ్రమ్మ కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "కాదు. పోలీసాయన అని తెలుసు."

"తెలిసే చెప్పినవా?"

"తెలిసే చెప్పిన."

చిరంజీవి గోడకు చేరగిలబడ్డాడు. కిందటి నెల మాట గుర్తొచ్చింది. ఆఫీసులో గుమాస్తా చెప్పింది ఇంటికొచ్చి సంబరంగా వివరించాడు. ఎంక్వైరీ అయిపోతే సర్టిఫికెట్టే, ఊర్మిళ పాత పాకిస్తాన్ పాస్‌పోర్టు మాత్రం వాళ్లకు అప్పజెప్పాలి.

అప్పుడు అమ్మ అడిగింది. "అది ఇచ్చేస్తే ఇగ ఆమె ఆ దేశం పోరాదా?"

"పోరాదు. ఇన్నేండ్లు పర్మిషన్ పెట్టుకుంటే పోయి రావచ్చు. ఇగ ఆ లొల్లి ఉండదు. మనోళ్లకు వాళ్లు వీసా ఇయ్యరు."

ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచీ ఒకటే పాట. "ఆ పిల్లను జర ఆడికి పంపు రా." అన్న ప్రతిసారీ చిరంజీవి కసురుకుని బయటికి వెళ్లిపోయేవాడు. మన పద్మశాలి పిల్ల దొరకలేదా అని పెళ్లినాడు ముఖం ముడుచుకున్న మనిషి. ఊర్మిళ పుట్టింటికి ఫోన్ చేసుకుంటుంటే వచ్చి పక్కనే కూర్చుంటుంది. ఆ భాష ఒక్క ముక్క అర్థం కాదు, అయినా కదలదు. కాపలా కాకపోతే మరేమిటది?

"నీ మనసుల ఇంత విషం ఉందనుకోలే," అన్నాడు. "ఆ సాబ్ నంబర్ సంపాయించి ఇందాకనే ఫోన్ చేసిన. రేపు పొద్దున మళ్ల వస్తడు. ఆయన వచ్చేసరికి నువ్వు ఈడ ఉండద్దు. నడువు, ఊరి రైలెక్కిస్త."

"కొన్ని దినాలు ఆగుమంటే ఆగవా?"

"ఎందుకు ఆగాలె? వాళ్లు ఆమెను గుంజుకపోయేదాకనా?"

వజ్రమ్మ లేచింది. తాడు మీది చీరలు తీసి సంచిలో కుక్కుకుంది.

అప్పుడే పని నుంచి వచ్చిన ఊర్మిళకు సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. గుమ్మంలో నిలబడి దారి ఆపింది. "అవ్వను పంపకు జీ. ఆమెకు నేను నచ్చలే, గంతే. అది గునాహ్ కాదు, తప్పేం కాదు," అంది మెల్లగా. కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఆ మాటతో చిరంజీవి కోపం మరీ పెరిగింది. "విన్నవా అవ్వా? ఇప్పుడు గూడ నీ దిక్కే మాట్లాడుతున్నది. గీమె నీకేం అన్యాయం చేసింది? సక్కగ ఒక దేశం దొరుకుతుంటే ఎందుకు అడ్డం పడ్డవు? చెప్పి పో."

వజ్రమ్మ సంచి కింద పెట్టింది. కోడలి దగ్గరికి వెళ్లి, కొంగుతో ఆమె ముఖం తుడిచింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"పిల్లను తల్లి మొకం ఒక్కపారి చూసి రానీయి, కొడుకా."