నాలుగు చారల ఫ్లెక్సీ

"సార్, నాకున్నవి రెండు చారలే. ఫ్లెక్సీలో నా భుజానికి నాలుగెందుకు పెట్టించారు?"

"రెండంటే కో-పైలట్, నాలుగంటే కెప్టెన్. రెండు చారలకి అమీర్‌పేటలో అడ్మిషన్లు రావు బాబూ," అంటూ, పైలట్ కోచింగ్ నడిపే చక్రపాణి గారు నన్ను డెమో క్లాసులోకి తోశారు.

ముందు బెంచీలో అల్ఫియా అనే అమ్మాయి చెయ్యెత్తింది. "సర్, జాబ్ వచ్చినంక లైఫ్ ఎట్లుంటది?"

"ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ముగ్గురం ఒకే రూములో ఉంటాం. తెల్లారకముందే నా అలారం మోగుతుంది. నాకు తప్ప మిగతా ఇద్దరికీ మెలకువొస్తుంది."

"కెప్టెన్ ఎప్పుడైతరు?"

"నాకంటే ముందు చేరినవాళ్ళంతా అయ్యాక. ఆ లిస్టులో మా ఊరి జనాభా కన్నా ఎక్కువమందే ఉన్నారు."

"ఇయ్యాల డ్యూటీ లేదా?"

"స్టాండ్‌బై. ఇంకో కో-పైలట్‌కి జ్వరమొస్తే నన్ను పిలుస్తారు. అందాకా నేను యూనిఫాం వేసుకున్న స్టెప్నీని."

చక్రపాణి గారు గట్టిగా దగ్గారు.

అప్పుడే నా ఫోన్ మోగింది. నిజంగానే ఎవరికో జ్వరమొచ్చింది. మాట మధ్యలో వదిలేసి, టోపీ మర్చిపోయి, మెట్లవైపు పరిగెత్తాను.

అల్ఫియా టోపీ పట్టుకుని వెనకాలే వచ్చింది. "గంత కష్టమని చెప్పిండ్రు కద సర్! మరి గట్ల నవ్వుతుండ్రేంది?"

నవ్వుతున్నానా? చెంపలు తడుముకున్నాను. నిజమే.

"చక్రపాణి సార్, నాకొక ఫారం ఇయ్యుండ్రి!" అని ఆమె వెనక్కి తిరిగి కేకేసింది.

గేటు దగ్గర ఫ్లెక్సీలో నాలుగు చారల కెప్టెన్ కనిపించాడు. పాపం, మొహంలో నవ్వే లేదు.