ఏడో లాకు దగ్గర

"ముందుకి! పడవని ముందుకి పోనీ!"

గట్టు మీంచి మేవిస్ వేసిన కేకకి చుక్కాని దగ్గరున్న క్రెయిగ్ తలెత్తాడు. అప్పటికే ఆలస్యమైంది. లాకులో నీళ్ళు దిగిపోతున్నాయి. పడవ వెనక భాగం మాత్రం పై తలుపు కింది రాతిగడప మీద చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. ముక్కు కిందికి వాలిపోతోంది. లోపల కప్పులు దొర్లి పగులుతున్నాయి. ఇంకో అడుగు నీళ్ళు తగ్గితే పడవ మునగడమే.

మేవిస్‌కి అరవయ్యెనిమిదేళ్ళు. బూట్ల నిండా బురద. అయినా పరుగెత్తింది. కింది తలుపు తూముల కొక్కేలు తప్పించగానే తూములు ధడేల్మని మూసుకుని నీళ్ళు దిగడం ఆగింది. తూములు తిప్పే ఇనప హ్యాండిల్ క్రెయిగ్ అక్కడే వదిలేశాడు; అది పీక్కుని వెనక్కి ఉరికి, పై తలుపు తూము మెల్లమెల్లగా తిప్పి తెరిచింది. కాలవ నీళ్ళు లోపలికొచ్చాయి. పడవ ఒకసారి మూలిగి, గడప వదిలి తేలింది.

భోజనం వేళ గట్టు బెంచీ మీద చిప్స్ తింటున్న ఓ ఆఫీసు పిల్ల చప్పట్లు కొట్టింది.

"ప్రాణం లేచొచ్చిందమ్మా!" అన్నాడు క్రెయిగ్.

"గడప ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్లగీత కొట్టి ఉంది. కళ్ళు లేవా?"

"చూళ్ళేదమ్మా."

"ఎన్నాళ్ళయింది పడవ కొని?"

"పదేళ్ళు."

"పదేళ్ళే!" అంది మేవిస్.

బర్మింగ్‌హామ్ నడిబొడ్డు దాటాలంటే ఇంకా ఆరు లాకులు దిగాలి. క్రెయిగ్ చుక్కాని వదిలేసి మేవిస్ వైపు తిరిగాడు.

"మీకు నడపడం వచ్చా?"

"ఏదో, కొద్దిగా."

"అయితే చుక్కాని పట్టుకోండి, పుణ్యముంటుంది. తూములూ తలుపులూ నేను చూసుకుంటా. కిందికెళ్ళాక మంచి బీరు ఇప్పిస్తాను."

"బీరొద్దులే బాబూ," అంటూ మేవిస్ పడవెక్కింది. క్రెయిగ్ హ్యాండిల్ అందుకుని గట్టెక్కాడు.

ఈసారి పడవ గోడని కూడా రాసుకోకుండా దిగింది. క్రెయిగ్ తలుపుకున్న పొడుగాటి దూలానికి వీపు ఆనించి దాన్ని తోశాడు. పడవ బయటికొచ్చింది. అతను తలుపు మూసి వచ్చేదాకా గట్టు పక్కన ఆగాలి. మేవిస్ ఆగలేదు. కాలవ మధ్యకి పోయి ఇంజను జోరు పెంచింది.

"అమ్మా, ఇక్కడ! ఇక్కడ ఆపండి!"

మేవిస్ చెయ్యి ఊపింది.

"ఏయ్ ముసలీ! ఆపవే! దొంగ! నా పడవ ఎత్తుకుపోతోంది!"

క్రెయిగ్ గట్టు వెంట నడుస్తూ అరుస్తున్నాడు. పరుగెత్తాల్సిన పని లేదు, పడవ వేగం అంతే. కాని గెంతితే అందేంత దగ్గర్లో లేదు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

ఆఫీసు పిల్ల చిప్స్ పక్కన పడేసి ఫోన్ తీసింది. "మీరేం కంగారుపడకండి, పోలీసులకి చేస్తున్నా!"

క్రెయిగ్ ఠక్కున ఆగాడు. "అబ్బే, పోలీసులెందుకులే అమ్మా..."

అవతల ఫోన్ ఎత్తేశారు. ఆ పిల్ల మాట్లాడుతూనే పడవ వెంట పరుగెత్తింది. "ఇదిగో, పెద్దావిడా! నీ పేరేంటో చెప్పు, పోలీసులు అడుగుతున్నారు!"

మేవిస్ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మేవిస్ ట్రాంటర్. నా పడవ పోయిందని పొద్దున్న ఏడింటికి ఫోన్ చేసింది నేనేనని చెప్పమ్మా."