ఖాళీ లేని లైను

మోడెం కీచుమని ఆగిపోయింది. ముప్పాతిక వంతు వెళ్లిన ఫైలు మళ్లీ మొదటికొచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? హాల్లో ఫోనెత్తితే ఇక్కడ లైను తెగిపోతుంది," అని చెల్లెలి మీద విరుచుకుపడ్డాను.

"ఆస్పత్రివాళ్లు చేస్తారేమోనని ఎత్తానన్నయ్యా."

"డాక్టరు చెప్పాల్సింది పొద్దున్నే చెప్పేశాడుగా. అవతల పత్రికవాళ్లు పేజీ కట్టేస్తున్నారు. నా ప్రాణం తియ్యకు."

అది మూతి ముడుచుకుని ఫోనుకు దూరంగా కూర్చుంది. ఈసారి ఫైలు పూర్తిగా వెళ్లింది.

మోడెం లైను వదిలిందో లేదో, ఫోను మోగింది. చెల్లెలే ఎత్తింది.

"నాన్న కళ్లు తెరిచి మంచినీళ్లడిగాడట. మధ్యాహ్నం నుంచీ మనకి చేస్తూనే ఉన్నారట, లైను దొరకలేదట."

రిసీవరు లాక్కుని పత్రికాఫీసుకి చేశాను. నేను పంపిన ఫైల్లో నాన్న ఫొటో, దాని కింద 'కన్నుమూశారు' అని ఉంది.

వాళ్ల ఫోను ఎంగేజ్.