పది సీసాల సముద్రం

నాదెండ్ల చెన్నకేశవులు దొంగతనానికి సిద్ధపడ్డాడు. కాజేయవలసింది బంగారమూ కాదు, వెండీ కాదు. పది సీసాల ఉప్పునీళ్లు.

తాతలనాటి ముప్పై ఎకరాల పత్తిచేలు అమ్మి, బాపట్ల అవతల అఖాతం ఒడ్డున రంగుల ఫ్యాక్టరీ పెట్టి రెండేళ్లు కాలేదు. అది సముద్రాన్ని పాడుచేస్తోందని జాలర్లు అర్జీ పెట్టారు. నీళ్లు పరీక్షించే పని అధికారులు నరసరావుపేటలో ఉన్న లెక్చరర్ హైమావతికి అప్పగించారు. బాగాలేవని ఆవిడ ఒక్క ముక్క రాస్తే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, చెన్నకేశవులు నెత్తిన గుడ్డేసుకోవాలి.

గురువారం సముద్రపు నీళ్లు పది సీసాల్లో జీపులో ఆవిడ దగ్గరికి వెళ్తున్నాయని తెలిసి, ఆ జీపు డ్రైవర్ నాగూర్ వలిని పట్టుకున్నాడు.

"దొరికితే నా నౌకరీ పోద్దన్నా."

"మీ బామ్మర్దికి ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని ఇస్తా. నువ్వు దారిలో మా ఇంటికాడ ఆగి అన్నం తిని పో, అంతే."

ఆ బావమరిది ఏడాదిగా నాగూర్ వలి ఇంట్లోనే తింటున్నాడు. అందుకని నాగూర్ వలి ఒప్పుకున్నాడు.

ఆ సీసాల బదులు పెట్టాల్సిన సముద్రం తయారుచేసే పని భార్య వెంకటరమణమ్మ మీద పడింది. నీళ్లలో నలుసు కనిపిస్తే బిందెడూ పారబోసే ఇల్లాలు ఆవిడ. కాలవ నీళ్లలో మురికిని అడుక్కి దించే ఇండుపగింజ అరగదీసి కలిపి, తేరాక రాళ్లుప్పు వేసి తెర్లకాచి, నాలుగు మడతల పంచెలో వడగట్టింది. ఆ తర్వాత గరిటెతో మొగుడి చేతిలో ఇంత పోసింది.

"ఉప్పు చానా అయిందా?"

"ఇంకో గుప్పెడు పడాలే."

గురువారం మధ్యాహ్నం నాగూర్ వలి గోంగూర కలుపుకుంటూ ఉండగా సీసాలు మారిపోయాయి. అసలు నీళ్లు పచ్చగా, నలకలు నలకలుగా ఉన్నాయి. ఇవి చూస్తే ఎవరైనా ఫ్యాక్టరీ మూయించకుండా ఉంటారా అనుకుంటూ చెన్నకేశవులు వాటిని దొడ్లో పారబోశాడు.

వారం తర్వాత ఇస్త్రీ పంచె కట్టి హైమావతి దగ్గరికి వెళ్లాడు.

"నీళ్లు ఎట్టున్నయ్యమ్మా?"

"ఇంత శుభ్రమైన నీళ్లు నేనెప్పుడూ చూడలేదండీ."

చెన్నకేశవులు మీసం దువ్వుకున్నాడు.

"సముద్రమంటే చుక్క నీళ్లలో కూడా కంటికి ఆనని ప్రాణులు కిటకిటలాడాలి. వాటిని తినే చేపపిల్లలు బతుకుతాయి. ఈ పది సీసాల్లో ఒక్క ప్రాణీ లేదు. అఖాతం చచ్చిపోయింది, ఫ్యాక్టరీ వెంటనే మూసేయాలని నిన్ననే రాసి పంపాను."

ముప్పై ఎకరాలు కళ్లముందే నీళ్లపాలయ్యాయి. చెన్నకేశవులు రెండు చేతులూ జోడించాడు.

"ఇంకొక్కసారి నీళ్లు తెప్పించి చూడండమ్మా."

"ఇవి రెండోసారి తెప్పించినవేనండీ," అంది హైమావతి. "పోయిన నెల వచ్చిన నీళ్లు ప్రాణులతో పచ్చగా, నిక్షేపంగా ఉన్నాయి, మీ ఫ్యాక్టరీకి ఢోకా లేదని రాయబోయాను కూడా; ఒక్క నెలలో అఖాతం చావదు, ఆ పోయిన నెల సీసాలను దారిలో మీరే మార్పించారని ఇప్పుడు తేలింది కనుక, పోలీసులకు కూడా ఒక ముక్క రాశాను."