మూడో ఆదివారం అభ్యంతరం

"ఈ పెండ్లికి నాకు అభ్యంతరం ఉన్నది."

చర్చి వాకిట్లోంచి ఎవరో ఆ మాట అనేసరికి అంతమ్మ గిరుక్కున తిరిగి చూసింది.

మొయినాబాద్ చర్చిలో అయ్యగారు ఆమె పెండ్లి ప్రకటన చదవడం అది మూడో ఆదివారం. చేవెళ్ల సాలోమోనుకూ సాముయేలు బిడ్డ అంతమ్మకూ గురువారం పెండ్లి, కాదనేవాళ్లుంటే ఇప్పుడే చెప్పండని వరసగా మూడు ఆదివారాలు అడగడం రివాజు. మొదటి రెండుసార్లూ ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ఈ ఒక్కటీ గడిస్తే ఇక తిరుగులేదని పొద్దుటినుంచీ ఆమె మురిసిపోతూ ఉంది.

వచ్చినవాడు ఖాకీ చొక్కాలో ఉన్నాడు. చంకలో కర్ర. పంట్లాము ఎడమకాలు మోకాలి కింద ఖాళీగా ఊగుతోంది. టకటకమంటూ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా పేరు బాలప్ప. బర్మా లడాయిల నేనూ సాలోమోనూ ఒక్క పల్టన్ల ఉన్నం."

మగవాళ్ల వైపు కూర్చున్న పెండ్లికొడుకు తల దించుకున్నాడు. "బాలన్నా, కూసోరాదే. అవన్నీ ఇప్పుడెందుకు?"

"నువ్వాగురా. మామా, లడాయిల ఏం పని చేసిన్నని చెప్పిండు మీకు?"

సాముయేలు లేచాడు. "వంట పని అన్నడు. తుపాకి పట్టినోనికి నా బిడ్డనియ్యనని నేను మొదాల్నే చెప్పిన. గరిటె తప్ప ఏం పట్టలేదన్నడు."

"పచ్చి అబద్ధం. వీడు పొయ్యి అంటువెట్టంగ నేనెన్నడు చూడలే. వీడు చాయ చేసుంటే జపానోడు ఎన్నడో పారిపోతుండె."

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. అంతమ్మకు నవ్వు రాలేదు. మా ఆయన వండిపెడతాడని వాడకట్టంతా చెప్పుకుంది ఆమె.

"అంటే తుపాకి పట్టిండా?" సాముయేలు అయ్యగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, ఆ కాయితం మడిచిపెట్టుండ్రి."

అయ్యగారు కాయితం మడిచారు. అంతమ్మ తన పక్కనున్న నాయనమ్మ బీరమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.

"తుపాకి కూడ పట్టలే" అన్నాడు బాలప్ప. "దెబ్బలు తాకినోళ్లను మోసేటోడు. చేతుల స్ట్రెచరే గాని ఇంకోటి లేకుండె. ఒకనాడు వరిమడ్లల్ల ముగ్గురం పడిపోయినం. ఎదురుంగ గుట్టమీదినుంచి తూటాలు వానలెక్క కొడుతున్నయి. స్ట్రెచర్ రెండోదిక్కు పట్టేటోడు అక్కడ్నే పాణమిడిసిండు. ఒక్కనితోటి స్ట్రెచర్ లేస్తదా? దాన్నాడ పడేసి, ఒకణ్ని వడ్ల బస్తాలెక్క భుజానేసుకొని ఉరికిండు. కాలువల పండవెట్టిండు. మళ్ల పోయిండు, ఇంకోణ్ని తెచ్చిండు. సుబేదారు వద్దురా వద్దురా అని ఒర్రుతనే ఉన్నడు."

"మళ్ల?"

అడిగింది అంతమ్మ. తను ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు.

"మళ్ల నాకోసం వచ్చిండు చెల్లె. నా కాలు పోయింది, నన్ను ఇడిసిపెట్టు, నువ్వు గూడ సస్తవురా అన్న. 'మాట్లాడకన్న, బరువైతున్నవు' అన్నడు."

సాముయేలు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఇంత కత ఎందుకు దాచినవు కొడుకా?"

"మోసుడు పని అంటే హమాలి అనుకుంటరని, మామా" అన్నాడు సాలోమోను నేల చూస్తూ.

చర్చి అంతా గొల్లుమంది. బీరమ్మ అయితే పండ్లులేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అంతమ్మకు ఒళ్లంతా పూలు పూసినట్టుంది. వంట చేసేవాడు కాకపోతేనేం, వంట తను నేర్పుతుంది.

"అయ్యగారూ, ఆ కాయితం ఇప్పుండ్రి" అన్నాడు సాముయేలు.

అయ్యగారు నవ్వుతూ విప్పారు. "బాలప్పా, పెండ్లికొడుకును పొగడడానికి అభ్యంతరం అన్నవా? ఇంక కూసో నాయనా."

"నా అభ్యంతరం నేనింక చెప్పనే లేదు" అన్నాడు బాలప్ప, కదలకుండా. "గురువారం పెండ్లి కావొద్దు."

నవ్వులు ఆగిపోయాయి. అంతమ్మ చాపమీద కూలబడింది.

"ఎందుకు కావొద్దు?" సాముయేలు మీదికి వచ్చినట్టే వచ్చాడు.

"వీడు మోసుకొచ్చిన కడమ ఇద్దర్ని పై వారం గాని దవాఖానల నుంచి ఇడువరంట మామా. పెండ్లినాడు సాలోమోను గుడికి నడిచి రావొద్దు, మేం ముగ్గురం వాణ్ని మోసుకొస్తం. ముగ్గురికి కలిపి నాలుగే కాళ్లున్నయి, జర మెల్లగొస్తం."