పక్క సీటు

షోరూం ఆవరణలో టెస్ట్‌డ్రైవ్ కారు కదలబోతూ రెండుసార్లు హారన్ కొట్టింది. ముందు మనిషి లేడు, కనీసం కుక్కయినా లేదు. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"సార్, ఎవ్వరు లేరు కదా, హారన్ ఎందుకు?" అన్నాడు పక్క సీట్లో కూర్చున్న సేల్స్‌మన్ సాయిచంద్.

"అలవాటు తమ్మీ," అన్నాడు స్టీరింగ్ పట్టుకున్న దశరథం. "ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల డంపర్ తోలేటోన్ని. ముందుకైతే రెండు, ఎనుకకైతే మూడు. కొట్టకుండ కదిలిస్తే కింద ఎవడుంటడో ఏమో. ఇరవై ఆరేండ్ల సంది కొడుతున్న. ఇగ చెయ్యి ఆగది."

దశరథం ప్రతి ఆదివారం పది గంటలకు నస్పూర్ నుంచి మంచిర్యాలలోని ఈ షోరూంకు వస్తాడు. ఇది తొమ్మిదో ఆదివారం. కారు నడుపుతాడు, దిగుతాడు, ఏదో వంక పెడతాడు, వచ్చే వారం చూద్దామంటాడు. అతనికి 'ఆదివారం సారు' అని పేరు పడిపోయింది. అతన్ని చూడగానే మిగతా సేల్స్‌మన్లు ఫోను చెవిన పెట్టుకుని పక్కకు జరుగుతారు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, సాయిచంద్ ఒక్కడే దొరుకుతాడు.

ఈ రోజు మాత్రం సాయిచంద్‌కు ఓపిక తక్కువ. నెలాఖరు. "ఇంకొక్క బుకింగ్ కాకుంటే రేపటి సంది రాకు," అని మేనేజర్ విజయేందర్ పొద్దున్నే తేల్చి చెప్పాడు. వచ్చిన కస్టమరేమో ఈయనొక్కడే.

కారు గోదావరి వైపు రోడ్డెక్కింది. దశరథం చూడకుండానే సీటు కింది లివర్ లాగి వెనక్కి జరిగాడు. మే నెల ఎండలో ఆటోలో వచ్చానంటాడు గానీ అతని ఇస్త్రీ చొక్కా మీద చెమట చుక్క లేదు.

"టర్బో అయితే మజా ఉంటది. కని రోజు తిరగనీకె పనికొస్తదా?"

"రెండిటికీ ఇదే సార్. మైలేజీ మంచిగుంటది, ఎనుక సీటుకు ఏసీ ఉంటది, డిక్కీ పెద్దది."

"డిక్కీ పెద్దగనే ఉండాలె."

"ఇంట్ల ఎంతమంది సార్?"

"నేను, ఫ్యాను."

సాయిచంద్ నవ్వాడు. దశరథం నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"మరి గంత డిక్కీ ఎందుకు సార్?"

"ఎవలన్న వస్తే సామాన్లు పెట్టుకోవద్దా?" అన్నాడు దశరథం. "సైలెన్సర్ మార్పిస్తే ఎట్లుంటది? జర లావు గొంతుతోని. చక్రాలు గూడ నల్లయి ఏయించి, ఇంజన్ పవర్ జర పెంచితే?"

"తొమ్మిది వారాల సంది చెప్తనే ఉన్న సార్. మేం చెయ్యం. బయట చేపిస్తే వారంటీ పోతది. సైలెన్సర్‌కు పోలీసోళ్లు ఆపుతరు."

"ఆపనీ. జరసేపు మాట్లాడుతరు."

సాయిచంద్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఈ కారు మొదలు బిగుసుకొని ఉంటది," అన్నాడు దశరథం. "మూడు వేల కిలోమీటర్లు తిరిగినంక గాని సాఫ్ గాదు."

"మీకెట్ల ఎరుక?"

"కరీంనగర్‌ల మావోడొకడు కొన్నడు." గేరు మారుస్తూ అన్నాడు. "కొనకముందు షోరూమోళ్లు రోజుకు నాలుగు ఫోన్లు చేసిండ్రట. తిన్నరా సార్, డ్యూటీ అయిందా సార్ అని. కొన్నంక ఒక్క ఫోను రాలే. మావోడు శాన పరేషాన్ అయిండు."

"అది వాళ్ల డ్యూటీ కదా సార్."

"ఔ. డ్యూటీనే."

మాట మార్చడానికి సాయిచంద్ అడిగాడు. "డంపర్ల పక్క సీటు ఉంటదా సార్?"

"ఉంటది. కొత్తల నేర్పేటోడు కూసుంటడు. పని వచ్చినంక ఇగ ఎవ్వలు కూసోరు."

సాయిచంద్ ఇక ఆగలేకపోయాడు. "సార్, ఉన్నమాట చెప్త. ఇయ్యాల బుకింగ్ గాకుంటే వచ్చే ఆదివారం నేనుండ."

కారు వేగం తగ్గింది.

"నువ్వు లేకుంటే నాతోని ఎవరొస్తరు?"

"ఎవ్వరు రారు సార్. మీరంటే అందరికి..." అని సాయిచంద్ నాలుక కరుచుకున్నాడు. అనేసినందుకు అతనికే బాధనిపించింది. దశరథం కారును షోరూం వైపు తిప్పాడు. ఈసారి దిగాక వంక పెట్టలేదు.

"కాయితం తే," అన్నాడు.

సాయిచంద్ ఫారం నింపుతూ అడిగాడు. "ఇప్పుడు మీకు ఏ బండి ఉన్నదని రాయాలె సార్?"

"డంపర్ అని రాయి."

సాయిచంద్ నవ్వుతూ ఆ గడి ఖాళీగా వదిలేశాడు. దశరథం సంతకం పెట్టి, అడ్వాన్సు కట్టి, అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కొన్నంక గూడ ఫోన్ చేస్తవా తమ్మీ?"

"చేస్త సార్, ఎందుకు చెయ్య," అన్నాడు సాయిచంద్, మేనేజర్ గది వైపు చూస్తూ. నెత్తిన పాలు పోసినట్టుంది అతనికి. "ఎండల ఎట్ల పోతరు? కార్ల దింపుతం ఉండుండ్రి."

"వద్దు వద్దు. ఆటోల పోత," అని దశరథం గబగబా బయటికి నడిచాడు.

రసీదు బల్ల మీదే ఉంది. సాయిచంద్ దాన్ని పట్టుకుని ఆటో స్టాండుకు పరిగెత్తాడు. మూడు ఆటోలూ కదలకుండా ఉన్నాయి.

"మా సారు ఇటు రాలేదా?"

"ఎవ్వలు రాలే అన్నా," అన్నాడు ఆటో డ్రైవర్ కళ్లు నలుపుకుంటూ.

స్టాండుకు ఎదురుగా విత్తనాల దుకాణం పక్క గల్లీలో ఏదో ఇంజను లావు గొంతుతో స్టార్టయింది. సాయిచంద్ తిరిగి చూశాడు. అచ్చం టెస్ట్‌డ్రైవ్ కారు లాంటిదే, నల్ల చక్రాలతో గోడ నీడన ఆగి ఉంది. అద్దం మీద ఎండ పడి లోపల ఎవరున్నదీ కనబడలేదు.

కదిలే ముందు అది రెండుసార్లు హారన్ కొట్టింది.