గిన్నె ఆకారం

"నేరుగా మంట మీద పెట్టలేదుగా? మైనం అంటుకుంటుంది," అన్నాడు తండ్రి, స్కూలు సైన్సు ప్రదర్శనలో కూతురి బల్ల దగ్గరికి వస్తూనే.

"లేదు నాన్నా. వేడినీళ్ళలో గిన్నె పెట్టి కరిగించాను. నువ్వే చెప్పావుగా."

"నీకెప్పుడు చెప్పాను?"

"నాక్కాదు. పనివాళ్ళకి చెప్తుంటే విన్నాను."

అతనిది కొవ్వొత్తుల తయారీ. కార్ఖానాలో గంటలకొద్దీ మాట్లాడే మనిషి, ఇంటికొస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు నోరు విప్పడు. భార్య పోయేనాటికి పిల్ల ఇంకా పాకుతోంది. ఇప్పుడు ఆరో తరగతి. బళ్ళో అందరూ దాన్ని వాగుడుకాయ అంటారు. ఆ వాగుడేమిటో వినే అదృష్టం మాత్రం అతనికి ఇవాళే పట్టింది.

బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన మేడం బల్ల ముందు ఆగింది. "చెప్పమ్మా, ఏం చూపిస్తున్నావు?"

వాగుడుకాయ గొంతు సవరించుకుంది. "ఏ వస్తువైనా చిన్న చిన్న కణాలే మేడం. అవి కుదురుగా ఉండవు, కదులుతూనే ఉంటాయి. ఒకదాన్నొకటి లాక్కుంటూ కూడా ఉంటాయి. ఆ లాగుడుదే పైచేయి అయితే ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి, అది ఘనం. వేడి తగిలితే కదలిక పెరిగి పట్టు సడలుతుంది. ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి, అది ద్రవం. మొత్తానికే తెంచుకుని తలో దిక్కూ పోతే వాయువు."

"మరి చల్లారితే?"

"మళ్ళీ గట్టిపడుతుంది మేడం. కానీ పాత ఆకారం రాదు. గిన్నె ఆకారం వస్తుంది."

మేడం నవ్వి, మార్కులు వేసుకుని పక్క బల్లకి వెళ్ళింది. అప్పుడు చూశాడతను గిన్నెలోకి.

వంకాయ పువ్వు రంగు. అతని కార్ఖానాలో ఆ రంగు ఎవరూ కలపరు. ఒక్కసారి భార్య కలిపింది. గోరువెచ్చటి మైనంలో సరదాగా చెయ్యి ముంచి, చన్నీళ్ళలో పెట్టి, మెల్లగా లాగితే తొడుగులా ఊడివచ్చింది, గోళ్ళ గుర్తులతో సహా. ఆమెది అంటూ మిగిలింది ఆ మైనం చెయ్యి ఒక్కటే. రోజూ పని కాగానే, గొళ్ళెం సరిగ్గా పడని తన గదిలో దూరి, దాన్ని పట్టుకుని ఆమెతో మాట్లాడుకుంటాడు.

అతను బల్ల మీదికి వంగాడు. "ఈ మైనం ఎక్కడిది తల్లీ?"

"నీ బీరువాలోది. ఏదో పాత ముక్క. మంచి మైనం ముట్టుకుంటే తిడతావని."

కార్ఖానా నిండా మైనం బస్తాలే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంటే, ఎందుకని అడుగుతుంది. కన్నతల్లి చేతిని కరిగించానని తెలిస్తే ఈ పిల్ల జన్మలో మళ్ళీ నవ్వదు. పదకొండేళ్ళది, అంత బరువు మొయ్యలేదు.

"మంచి పని చేశావు. అది పనికిరాని ముక్కే."

"నిజంగా?" అంది, అతని మొహంలోకి చూస్తూ.

"నిజంగానే."

వాగుడుకాయకి మొదటి బహుమతి వచ్చింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. గడ్డకట్టిన మైనం గిన్నె పిల్ల సంచిలో ఉంది. ఇంటికి వెళ్ళి ఆ బీరువా తలుపు ఎలా తియ్యాలో అతనికి తెలియలేదు. దుఃఖం పొంగుకొస్తోంది. రోడ్డు దాటుతుంటే ఏదో ఒకటి పట్టుకోకపోతే పడిపోతాననిపించి, పక్కనున్న చిన్న చెయ్యి అందుకున్నాడు. అవతలికి చేరినా వదల్లేదు.

వాగుడుకాయ తల దించుకుని మెల్లగా అంది.

"నా చెయ్యి ఎప్పుడూ పట్టుకోవు నాన్నా నువ్వు."

"ఇప్పుడు పట్టుకున్నానుగా."

"అందుకే అమ్మ చెయ్యి కరిగించాను."